మూడు చెంచాల నూనె

ఇరవై ఎనిమిదేళ్ళు తొమ్మిదో తరగతి పిల్లలకు మధ్యధరా ప్రాంతపు శీతోష్ణస్థితి పాఠం చెప్పాను. వేసవి పొడిగా ఉంటుంది, చలికాలంలో వానలు పడతాయి, ఆలివ్, ద్రాక్ష, నిమ్మజాతి పండ్లు పండుతాయి. రెండు మార్కుల ప్రశ్న. మూడింటిలో ఒక పండు పేరు వదిలేస్తే అర మార్కు కోసేదాన్ని. అంత నిక్కచ్చిగా ఉన్నదాన్ని, అసలు ఆలివ్ కాయను మాత్రం కళ్ళారా ఎన్నడూ చూడలేదు. దాని నూనె సంగతి తెలిసొచ్చింది రిటైరయ్యాక, అదీ ఆ సముద్రానికి ఎంతో దూరాన ఉన్న సింగపూర్‌లో. తెలిసేలోపు చేయాల్సిన తప్పంతా చేసేశాను.

సింగపూర్ వెళ్ళొచ్చినవాళ్ళు పక్షుల పార్కు గురించి, నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ గురించి చెబుతారు. అవి నేనూ చూశాను, ఫోటోలూ దిగాను. కానీ మా బందరులో ఎవరైనా "ఏం చూశారు టీచర్ గారూ?" అని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేవి అక్కడి పక్కింటి గోహ్ ఆంటీ మోకాళ్ళు. వాటి గురించే రాస్తున్నాను. టిక్కెట్లు, వీసాల సంగతి ఏజెంటును అడగండి.

చాంగీలో కదిలే మెట్లు

ఐటీ ఉద్యోగాలు జోరుమీదున్న రోజులివి. విమానంలో సగం మంది ఒళ్ళో లాప్‌టాప్ సంచీ పెట్టుకున్న మనవాళ్ళే. నా పక్క సీటాయన "ఆన్‌సైట్ అండీ, ఆరు నెలలు" అన్నాడు. ఆన్‌సైట్ అంటే ఊరి పేరు కాదని నాకు తెలుసు. అయినా "అది సింగపూర్‌కి ఎంత దూరం బాబూ?" అని అడిగాను. పాపం, చాలాసేపు వివరించాడు.

నా పెట్టెలో ఆవకాయ, కందిపొడి, బందరు లడ్డూ, వాటన్నిటి అడుగున చీర మడతల్లో ఒక కవరు ఉన్నాయి. ఆ కవరు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. కిందటేడు వానాకాలంలో పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. విజయవాడ డాక్టరు ఏవో పరీక్షలు చేయించి, ఎముకలు గుల్లబారాయమ్మా, ఇంకోసారి పడితే తుంటికే వస్తుంది అన్నాడు. మా అమ్మకు అలాగే తుంటి విరిగింది. పదకొండు నెలలు మంచంలోనే ఉండి పోయింది. మళ్ళీ పడుతుందేమోనన్న ప్రేమతోనే మేమంతా ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. ఆ ప్రేమ ఎలాంటిదో నాకు తెలుసు. అందుకే రిపోర్టు ఎవరికీ చూపించలేదు. అందరికీ "బెణికింది" అని చెప్పాను. మా అక్క కూతురు మాధవికి తెలిస్తే అసలు విమానమే ఎక్కనివ్వదు.

మాధవి ఇంటర్ నుంచి డిగ్రీ దాకా మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. మా ఆయన పోయాక, పిల్లలు లేని నాకు అన్నీ అదే. పోషకాహారం చదివి, పెళ్ళయ్యాక సింగపూర్‌లో వన్-నార్త్ అనే చోట ఉద్యోగం చేస్తోంది. చాంగీ విమానాశ్రయంలో తనూ, అల్లుడు రవీ ఎదురొచ్చారు. అక్కడ కదిలే మెట్ల ముందు నా కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. వెనక జనం ఆగిపోయారు. "నాకు కళ్ళు తిరుగుతాయే" అని లిఫ్టు వెతికించాను. అబద్ధం ఆడటం మొదలెట్టాక ఒకదానితో ఆగదు.

టాంపినీస్, ఆరో అంతస్తు

వాళ్ళుండేది టాంపినీస్‌లో, సర్కారు కట్టిన పెద్ద బ్లాకుల్లో ఒకదాంట్లో. వరండా పొడుగునా ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ చెప్పుల స్టాండు, పూలకుండీలు. మన అపార్టుమెంట్ల కన్నా నిశ్శబ్దం. కుక్కర్ విజిల్ వినపడిందంటే అది మనవాళ్ళ ఇల్లే.

నేను దిగింది శనివారం పొద్దున. మధ్యాహ్నం మాధవికి బ్లాకు కింద ఖాళీ జాగాలో క్లాసు ఉందట. వాళ్ళ ఆఫీసులో పని ఏమిటంటే, నడివయసు దాటిన చైనా వాళ్ళు ఏం తింటున్నారు, వాళ్ళ ఎముకలు ఎలా ఉన్నాయి అని అడిగి రాసుకోవడం. ఇప్పుడు మధ్యధరా సముద్రం చుట్టూ ఉండేవాళ్ళ తిండి పద్ధతి, అంటే ఆకుకూరలు, కాయధాన్యాలు, చేప, ఆ ఆలివ్ నూనె, వీళ్ళ వంటింట్లో ఎలా ఇమడ్చాలో నేర్పుతోంది. ఎముకలకు ఎంత మేలు చేస్తుందో వాళ్ళు ఇంకా తేల్చుకోవాల్సిందే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను నిద్రమత్తులో ఉండి క్లాసుకు వెళ్ళలేదు. పక్కింటి గోహ్ ఆంటీ కూడా ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళడంతో క్లాసుకు రాలేదు. ఇద్దరు పిల్లలు ఒకే పాఠానికి గైరుహాజరైతే పరీక్షలో ఏమవుతుందో నాకు తెలిసి ఉండాల్సింది.

సాయంత్రం మాధవి ఒక సీసా, ఒక పుస్తకం నా చేతికిచ్చింది.

"పిన్నీ, ఇవి గోహ్ ఆంటీకి ఇచ్చి రావా. నాకు కాల్ ఉంది. ఎముకలకి మంచిదని చెప్పు. రోజూ మూడు చెంచాలు వాడాలి. ఎన్ని వాడారో పుస్తకంలో రాయాలి. ఒక్క రోజు కూడా ఖాళీ వదలకూడదు. ఆంటీకి ఇంగ్లీష్ రాయడం రాదు, నువ్వు కొంచెం రాసిపెట్టు."

వాడాలి. ఆ ఒక్క మాట దగ్గరే కొంప మునిగింది. మనం మాత్రలు వాడతాం, చుక్కల మందు వాడతాం, నొప్పులకు తైలం కూడా వాడతాం. పైగా మా ఊళ్ళో ఆలివ్ నూనె అంటే మందుల షాపులో దొరికే చిన్న డబ్బా. పురిటింటికి తీసుకెళ్తాం, పసిబిడ్డ ఒంటికి రాసి కాళ్ళూ చేతులూ సాగదీస్తాం, ఎముకలు గట్టిపడాలని. సీసా మీద అదే కాయ బొమ్మ ఉంది. మిగతాదంతా ఏదో తెలియని భాష. నాకు రవ్వంత అనుమానం కూడా రాలేదు.

మరి మాధవి వంటింట్లో చూడలేదా అంటారేమో. వాళ్ళింట్లో ఉన్నది వేరుశనగ నూనె. "ఆవకాయన్నంలో ఆ నూనె పోస్తే నేను హోటల్‌కి వెళ్ళిపోతా" అని రవి ముందే చెప్పేశాడట. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్నట్టు ఊరందరికీ మధ్యధరా, ఇంట్లో మాత్రం వేరుశనగ.

గోహ్ ఆంటీకి అరవై మూడేళ్ళు. సన్నగా, పొట్టిగా, నెరిసిన క్రాపుతో ఉంటుంది. చాలా ఏళ్ళు చేపల ఉండలతో నూడుల్స్ చేసి అమ్మింది. ఇప్పుడు ఒక్కతే ఉంటుంది. నేను సీసా చూపించి, "ఫర్ బోన్స్. త్రీ స్పూన్స్" అని, మోకాలి మీద అరచేత్తో రుద్ది చూపించాను. ఆమె తలూపి లోపలికెళ్ళి తన తైలాల పెట్టె తెచ్చింది. పచ్చవి, ఎర్రవి, పులి బొమ్మవి, పది సీసాలున్నాయి. వాటి పక్కన దీన్నీ పెట్టి, మూత తీసి వాసన చూసింది.

"నో స్మెల్ వన్," అని పెదవి విరిచింది. ఘాటు లేని తైలం ఏం పనిచేస్తుందని ఆమె అనుమానం. "బట్ మాధవి సే గుడ్, కెన్."

ఈ కెన్ అనే మాట ఇక్కడ ఒక పూర్తి వాక్యం. సరే, అలాగే, కుదురుతుంది, తప్పదు, అన్నీ అదే.

వెట్ మార్కెట్

మర్నాటి నుంచి పొద్దున్నే ఆమె వెంట మార్కెట్‌కు వెళ్ళేదాన్ని. ఆమె ఒక చేత్తో చక్రాల సంచీ లాగుతూ, తడి నేల మీద చకచకా నడిచేది. నేను ఆమె రెండో చెయ్యి గట్టిగా పట్టుకుని ఆచితూచి అడుగులేసేదాన్ని. చేపల దగ్గర చందువా, మాగ, వంజరం చూసి మా చేపల మార్కెట్‌కు వచ్చినట్టే అనిపించింది. తేడా ఏమిటంటే ఎవరూ అరవరు, బేరమూ ఆడరు. ఎండు చేపల కొట్లో మన నెత్తళ్ళు కనిపించాయి. తలా తోకా తీయకుండా, ముల్లుతో సహా కరకరా నమిలి తినాలని గోహ్ ఆంటీ చేసి చూపించింది. మేమూ అంతేనన్నాను.

ఆకుకూరల దగ్గర ఒక కట్ట తీసి నా మొహం ముందు పెట్టి "బయమ్, బయమ్. గుడ్ ఫర్ బోన్" అంది.

భయం మంచిదే అంటోందనుకుని హడలిపోయాను. నా గుట్టు ఈమెకెలా తెలిసింది? చూస్తే అది మన తోటకూర. మలయ్ భాషలో దాన్ని బయమ్ అంటారట. ఆ రోజు తోటకూర పప్పు చేసి గిన్నెతో ఇచ్చాను. ఆమె అందులో రెండు నెత్తళ్ళు వేసుకుని తింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మార్కెట్ పక్కనే హాకర్ సెంటర్ ఉంది. చుట్టూ తిండి కొట్లు, మధ్యలో బల్లలు. ఒక ఖాళీ బల్ల మీద ఎవరో కాగితపు రుమాళ్ళ పొట్లం మర్చిపోయారు. పాపం అనుకుని, అందులోంచి రెండు తీసి బల్ల శుభ్రంగా తుడిచి కూర్చున్నాను. ఇంతలో కాఫీ కప్పుతో ఒకాయన వచ్చి నన్నూ పొట్లాన్నీ మార్చి మార్చి చూశాడు. గోహ్ ఆంటీ పరిగెత్తుకొచ్చి నన్ను లేపింది. ఆ పొట్లం పెట్టడాన్ని చోప్ అంటారట. అంటే ఆ బల్ల నాదని గుర్తు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేయడమే. నేను ఇంకొకరి తువ్వాలుతో సీటు తుడిచి కూర్చున్నానన్నమాట.

వేరే బల్ల దగ్గర కోపి తాగాం. ఎనభై సెంట్లు, కాఫీ చిక్కగా, నల్లగా, డబ్బా పాల తీపితో ఉంది. కప్పు ఎత్తుతుంటే గోహ్ ఆంటీ నా కుడి మణికట్టు పట్టుకుంది. వంకరగా అతుక్కున్న చోట వేలితో తడిమింది. తర్వాత తన ఎడమ చెయ్యి చాపింది. అదే చోట అదే వంకర. పోయినేడు ఈ మార్కెట్ తడి నేల మీదే పడిందట.

"సేమ్ సేమ్ లా," అంది. ఆ లా మన "లే" లాగా మాట చివర ఊరికే తగిలించేది. "డాక్టర్ సే బోన్ లైక్ బిస్కెట్. యూ టెల్ మాధవి?"

లేదని తలూపాను. ఎందుకని అడగలేదు. తన కొడుక్కి తనూ చెప్పలేదట. చెబితే తనతో వచ్చి ఉండమంటాడు, మార్కెట్‌కు వెళ్ళనివ్వడు. ఇద్దరం మిగిలిన కోపి తాగాం. అంత దూరం వెళ్ళి నా భయాన్ని అర్థం చేసుకున్న మనిషిని ఆమెలో చూశాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆమె ఇంట్లో మా తైలం వైద్యం మొదలైంది. గిన్నెలో నూనె గోరువెచ్చగా కాచి, కుడి మోకాలికి ఒక చెంచా, ఎడమ మోకాలికి ఒకటి, మణికట్టుకు ఒకటి. ఆమెకు నేను, నాకు ఆమె. పసిపిల్లలకు రాసిన చెయ్యి కదా, నా పట్టు ఆమెకు నచ్చింది. తర్వాత పుస్తకం తెరిచేదాన్ని. అన్నం లేదా నూడుల్స్, కూరలు, చేప, పప్పుదినుసులు, మాంసం, వాడిన నూనె, నడక. ఆమె చెప్పేది, నేను గుండ్రటి అక్షరాలతో రాసేదాన్ని. నూనె గడిలో రోజూ మూడు. ఆమెవి మాత్రమే రాశాను. నావి రాస్తే గుట్టు బయటపడుతుంది.

కదిలే మెట్లు ఎక్కడం కూడా ఆమే నేర్పింది. "ఫస్ట్ లెగ్ గో. డోంట్ థింక్." మూడో రోజుకు వచ్చేసింది. నాలుగో రోజు ఆమె కావాలనే చెయ్యి వదిలేసింది. పైకి చేరాక తిట్టాను. తెలుగులో తిట్టాను కాబట్టి ఆమెకేం బాధ కలగలేదు.

వన్-నార్త్

రెండో వారం గురువారం మాధవి ఫోన్ చేసింది. శనివారం మళ్ళీ క్లాసు, ఈసారి వాళ్ళ బాస్ కూడా వస్తాడు. గోహ్ ఆంటీ పుస్తకం ముందుగా కావాలి, "ట్రైన్‌లో తేగలవా పిన్నీ?" అంది. తేగలనన్నాను. ఒక్కదాన్నే రైలెక్కి, దాదాపు ఇరవై స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ బ్వోనా విస్తాలో దిగాను. మెట్లు కదులుతున్నా దిగాను. అక్కడి నుంచి వన్-నార్త్‌కు నడక. కొన్ని అద్దాల మేడలు తయారై మెరుస్తున్నాయి, మరికొన్ని ఇంకా క్రేన్ల కింద ఉన్నాయి.

మాధవి పుస్తకం తిరగేసి నన్ను కావలించుకున్నంత పని చేసింది. అందరి పుస్తకాల్లోనూ సగం గడులు ఖాళీలేనట. "ఒక్కటి కూడా వదల్లేదు పిన్నీ. దీన్నే శనివారం తెర మీద చూపిస్తా. బాస్‌కి చూపించడానికి నా దగ్గర ఉన్నదల్లా ఇదొక్కటే."

టీచరుగా పొంగిపోయాను. తర్వాత నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్ళింది. పళ్ళెంలో దోసకాయ, టమాటా, ఉడికిన శనగలు. బల్ల మీదున్న సీసా ఎత్తి వాటి మీద ధారగా పోసింది. అదే సీసా, అదే కాయ బొమ్మ. పళ్ళెం అడుగున మిగిలిన నూనెను రొట్టెముక్కతో అద్దుకుని తినేసింది.

"ఇది తింటారా?" అన్నాను.

"మరి? రెండు వారాల నుంచి చెప్తున్నదేంటి నేను? నువ్వు కూడా వేసుకో."

పది పన్నెండు రోజులు, రోజుకు మూడు, అంతా నా చేతిరాత. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ చెబితే, ఎందుకు రాసుకున్నారు మోకాళ్ళకి, అని వస్తుంది. ఆమెకు రాశావు సరే, నీకెందుకు, అని వస్తుంది. ఆ తీగ లాగితే పెట్టె అడుగున కవరు దాకా కదులుతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని శనగలు తిన్నాను.

బయటికొచ్చి, ఏ దారిన వచ్చానో మర్చిపోయి, కట్టుబడి జరుగుతున్న చోటికి చేరుకున్నాను. "ఎక్కడికొచ్చి పడ్డాన్రా దేవుడా" అని పైకే అన్నట్టున్నాను.

"ఏడికి పోవాలె అమ్మా?" అని పక్కనుంచి వినిపించింది. పసుపు టోపీ, బురద బూట్లు, నలభై ఏళ్ళ మనిషి. పేరు పోచయ్య, జగిత్యాల దగ్గర పల్లెటూరు. అన్నం పొట్లం ముందు కూర్చుని ఉన్నాడు. పొట్లాలు తెల్లవారకముందే వచ్చేస్తాయట, తినేది ఇప్పుడు. నా సంచీలో ఉన్న కందిపొడి సీసా మాధవికని తెచ్చి ఇవ్వడం మర్చిపోయాను. అది అతనికిచ్చేశాను. రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకున్నాడు.

పక్కనే ఇద్దరు కొత్త గోడను సుత్తులతో పగలగొడుతున్నారు. కట్టిన గోడను ఎందుకు కొడుతున్నారని అడిగాను.

"నిన్న తప్పు పోసిన్రమ్మా. ఒకనికి ఎర్కే ఉండె, భయపడి చెప్పలె. పచ్చిగున్నప్పుడు చెప్తె పారతోని తీసేద్దుము. గట్టిపడ్డంక చెప్తె గిట్ల సుత్తె పట్టాలె."

స్టేషన్ దాకా వచ్చి దిగబెట్టాడు. దారంతా వాళ్ళ ఊళ్ళో బోరు గురించి చెప్పాడు. నాకు మాత్రం సుత్తి చప్పుడే వినపడుతోంది.

తంజోంగ్ పగార్

శుక్రవారం మధ్యాహ్నం రవి తన ఆఫీసున్న తంజోంగ్ పగార్‌కు భోజనానికి రమ్మన్నాడు. అతను బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. సందు చివర నిలబడితే ఒకవైపు ఆఫీసు మేడలు, ఇంకోవైపు ఓడరేవు క్రేన్లు కనిపిస్తాయి. అల్లం తురుము వేసి ఆవిరి మీద ఉడికించిన చేపను, తలతో సహా, పళ్ళెంలో తెచ్చి పెట్టారు. అందులో ఉప్పూ కారం లేవు. అయినా తాజా చేప కాబట్టి బాగుంది. పన్నెండు డాలర్లట. మనసులో రూపాయల్లోకి మార్చి, ముల్లు కూడా వదలకుండా తిన్నాను.

రవికి చెబితే అతనే మాధవికి మెల్లగా చెబుతాడు కదా అనుకుని గొంతు సవరించుకున్నాను. అతనే ముందు మొదలెట్టాడు.

"మాధవి కాంట్రాక్ట్ ఈ నెలాఖరుకి రిన్యూ అవ్వాలండీ అత్తయ్యగారూ. రేపు బాస్ ఏమంటాడో అని టెన్షన్ పడుతోంది. లక్కీగా మీరు ఆ బుక్ రాసిపెట్టారు. లేకపోతే చూపించడానికి ఏమీ ఉండేది కాదు."

గోరుచుట్టు మీద రోకటిపోటు. గొంతు సవరించుకున్నదాన్ని మంచినీళ్ళు తాగి ఊరుకున్నాను.

శనివారం, బ్లాకు కింద

పొద్దున్నే గోహ్ ఆంటీ ఇంటికెళ్ళాను. సీసా చూపించి, మోకాలి మీద రుద్ది, కాదని చెయ్యూపి, నోట్లో పెట్టుకున్నట్టు చేసి చూపించాను. ఆమె సీసాను, తన మోకాళ్ళను చూసుకుంది. తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. మధ్యాహ్నం బాస్ ముందు మాధవి చూపించబోయేది ఆ పుస్తకమేనని చెప్పాక నవ్వు ఆపింది. కాసేపు ఆలోచించి నా చెయ్యి పట్టుకుంది.

"యూ టెల్ మాధవి, మీ స్టుపిడ్ ఓల్డ్ వుమన్, డోంట్ అండర్‌స్టాండ్. యువర్ నేమ్ డోంట్ సే. కెన్."

తప్పు తన మీద వేసుకుంటానంటోంది. నా గుట్టు కాపాడటానికి. నాకు ఆ మాట వినగానే సిగ్గు ముంచుకొచ్చింది. క్లాసులో గాజు పగిలితే "ఎవరు చేశారో లేచి నిలబడండి" అని ఎన్నిసార్లు గద్దించానో. నిలబడని పిల్లల్ని ఎంత చులకనగా చూశానో.

"కెనాట్," అన్నాను. ఆమె భాషలో నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే.

మధ్యాహ్నం బ్లాకు కింద పాతికమంది దాకా పెద్దవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. బాస్ కూడా చైనా ఆయనే, యాభై దాటినవాడు, ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాధవితో ముందుగా మాట్లాడదామని వెతికాను, తను తీగలు కలిపే హడావుడిలో ఉంది, "తర్వాత పిన్నీ" అంది. తెర మీద నా గుండ్రటి అక్షరాలు గోడంత పెద్దవిగా వచ్చాయి. మాధవి నోరు తెరిచేలోపు లేచి నిలబడ్డాను. కుర్చీ వీపు పట్టుకున్నాను.

"మేడం," అన్నాను. మాధవిని మేడం అన్నానని, వెనక నిలబడి చూసిన రవి తర్వాత చెప్పాడు. "దట్ ఆయిల్, వి డిడ్ నాట్ ఈట్. వి అప్లైడ్. ఆన్ నీస్. బోత్ ఆఫ్ అస్. మిస్టేక్ ఈజ్ మైన్. ఐ టాట్ హర్."

మాధవి మొహం పాలిపోయింది. అది చూసి నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు వెనక వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. తన సీసా ఇంటి ఇనప గేటు బందుకు పోశాడట. ఇప్పుడు కీచుమనడం లేదట. పుస్తకంలో మాత్రం రోజూ రెండు చెంచాలు అని రాశాడు. ఇంకొకావిడ మూతే తీయలేదు, కొత్త సంవత్సరానికి వియ్యపురాలికి ఇద్దామని దాచింది. ఇంకొకామె వాసన పడక పారబోసింది. మాధవి మంచి పిల్ల, బాధపడుతుందని అందరూ అంకెలు వేశారు. వేయలేనివాళ్ళు ఖాళీ వదిలేశారు.

బాస్ అందరి మాటా విన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. గోహ్ ఆంటీ వైపు తిరిగి మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు.

"బెటర్ లా," అంది ఆమె. అప్పుడందరూ నవ్వారు. ఆయన పుస్తకం తెరిచి, నూనె గడి మీద ఇంగ్లీషులో "వాడిన" అన్నచోట పెన్నుతో గీత కొట్టి, "తిన్న" అని రాసి మాధవికిచ్చాడు. రెండు వారాల పుస్తకాలన్నీ పక్కన పెట్టి మళ్ళీ మొదలెట్టమన్నాడు. కాంట్రాక్టు గురించి ఒక్క మాట కూడా అనలేదు.

ఇంటికొచ్చాక మాధవి ముందు ఆ పుస్తకాలన్నీ కట్టగట్టి పక్కన పెట్టింది. తర్వాత టీ తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆంటీకి రాశావు, సరే. నీకెందుకు రాసుకున్నావు పిన్నీ?"

లేచి వెళ్ళి పెట్టె అడుగున కవరు తీసి చేతికిచ్చాను. ఇది తన పనే కాబట్టి, ఒక్క చూపులో చదివేసింది. నేను మా అమ్మ మంచం గురించి చెప్పాను. ఆ పదకొండు నెలలు చెప్పాను. ఇదివరకు ఎవరికీ అంత చెప్పలేదు. మాధవి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఈ ఊళ్ళో ముసలాళ్ళందర్నీ అడుగుతాను పిన్నీ, ఏం తిన్నారు, ఎప్పుడు పడ్డారు అని. నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఇక మంచం ఎక్కమంటుంది అనుకున్నాను. ఉన్న వారం రోజులూ ఇల్లు కదలనివ్వదు అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే అదే నా చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. మార్కెట్‌కు గోహ్ ఆంటీతో ముందు నన్ను నడవనిచ్చి, తను పది అడుగులు వెనక వచ్చింది. పడిపోతానేమోనని ఊపిరి బిగబట్టి నడుస్తోందని వెనక్కి చూడకుండానే తెలుస్తోంది. అయినా దగ్గరికి రాలేదు. అంత కష్టం ఓర్చుకుంది నా కోసం. మేము మా అమ్మ కోసం ఓర్చుకోలేకపోయాం.

బందరు

తిరిగొచ్చి నెల దాటింది. గోహ్ ఆంటీ ఇచ్చిన నెత్తళ్ళ పొట్లం అయిపోయింది. మాధవి ఒక ఖాళీ పుస్తకం ఇచ్చి పంపింది, కొత్తగా అచ్చు వేసినది, నూనె గడి మీద "తిన్న" అనే ఉంది. అక్కడ మాధవి చూపించిన డాక్టరు రాసిన మందుల చీటీ మళ్ళీ విజయవాడ డాక్టరుకు చూపించుకుని, ఇద్దరూ రాసిన మందులూ వేసుకుంటున్నాను. వంట నూనె కోసం మందుల షాపుకు వెళ్తే ఆయన అలవాటుగా చిన్న డబ్బా తీసి, "ఎవరింట్లో పురుడు టీచర్ గారూ?" అని అడిగాడు. తినే నూనె విజయవాడలో దొరుకుతుందట. అప్పటిదాకా నువ్వుల నూనె పరవాలేదని మాధవి చెప్పింది.

నిన్న ఫోన్ చేసింది. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారట. ఆ సంగతి చెప్పి, మామూలుగా అడిగింది.

"పిన్నీ, పుస్తకం వాడుతున్నావా?"

"ఆ మాట మాత్రం నా దగ్గర వాడకు," అన్నాను.

నవ్వి, ఇవాళ్టిది చదవమంది. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. "ఆకుకూర, బయమ్, ఒక కట్ట. చేప, నెత్తళ్ళు, తలలతో సహా. నూనె, తిన్నది, మూడు చెంచాలు. నడక, చేపల మార్కెట్ దాకా, పోనూ రానూ, ఒక్కదాన్నే."



"ఆఖరిది మళ్ళీ చదువు పిన్నీ," అంది.

మళ్ళీ చదివాను.